మరిగించితిని, ఒలిచితిని, విడిచితిని

మా ప్రజారోగ్య శాఖ అదనపు సంచాలకులవారు ఒక విదేశంలో జరిగిన పరిశుభ్రతా సదస్సుకు వెళ్ళారు. మొదటిరోజు విందులో ఏదో తిని, మిగిలిన నాలుగు రోజులూ హోటల్ గదిలోంచి బయటికి రాలేకపోయారు. ఆయన చదవాల్సిన పత్రం పేరు "చేతుల శుభ్రత: మన అనుభవాలు". చివరిరోజు దాన్ని తలుపు కింది సందులోంచి బయటికి తోస్తే, హోటల్ వాళ్ళెవరో తీసుకెళ్ళి సదస్సులో అందజేశారట.

ఇది శాఖ పరువుకు సంబంధించిన విషయం కాబట్టి ఒక సంఘం వేశారు. పరాయి దేశం వెళితే మరిగించినది తాగు, తొక్క ఒలిచినది తిను, రెండూ కుదరకపోతే మానుకో అని ప్రయాణికులు ఒకరికొకరు చెప్పుకునే చిన్న సలహా ఒకటుంది. మంచి సలహా. ఆ సంఘం పదకొండు నెలలు శ్రమించి దాన్ని నూట పద్నాలుగు పేజీల ఉత్తర్వుగా మార్చింది. దాంతోపాటు ఫారం-9 పుట్టింది. విదేశీ గడ్డ మీద ఉద్యోగి నోట్లోకి వెళ్ళిన ప్రతి పదార్థాన్నీ అందులో రాసి, మూడు గడుల్లో ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. మొదటి గడి మరిగించితిని, రెండోది ఒలిచితిని, మూడోది విడిచితిని. నాలుగో గడి ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. స్కేలు పెట్టి ఆ గడులు గీసింది నేనే. నా పేరు భుజంగరావు. సాలివలసలోని మా శాఖ ప్రాంతీయ కార్యాలయంలో సూపరింటెండెంటుని.

ఉత్తర్వు చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. "ఈ నిబంధనలు స్వదేశమునకు వర్తించవు." దాని సంగతి తర్వాత మీకే తెలుస్తుంది.

సాలివలస నీళ్ళ గురించి కాస్త చెప్పాలి. ఊళ్ళో మంచినీళ్ళ గొట్టమూ మురుగు కాలవా ఒకే గోతిలో వేశారు. రెండుసార్లు తవ్వడం దండగని అప్పట్లో అనుకున్నారు. ఏడో వార్డు దగ్గర ఆ గొట్టం పూర్తిగా కాలవలో మునిగి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా దాలినాయుడు అనే ఫిట్టరు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి దాన్ని కాపాడుతున్నాడు. వానలు పడగానే వార్డంతా కామెర్లు. దాలినాయుడి మనవరాలు లోహితకు వరసగా రెండేళ్ళు వచ్చాయి. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. మూడోసారి వస్తే తన వల్ల కాదని డాక్టరు చెప్పేశాడు. మరి ఆఫీసర్ల కాలనీలో మేమెలా బతికామంటే, మేం టిన్ను నీళ్ళు కొనుక్కుంటాం. ఆ టిన్నులు ఎక్కడ నింపుతారో మేం అడగం, వాళ్ళు చెప్పరు.

ఇలా ఉండగా ఒక దూరదేశపు నగరంవాళ్ళు సాలివలసను ఎంచుకుని, చెరువు నుంచి ప్రతి వీధి కుళాయి దాకా కొత్త గొట్టాలు ఉచితంగా వేస్తామని ముందుకొచ్చారు. (ఆ దేశం పేరు ఫైల్లో రహస్యం అని రాసి ఉంది. అది రాసిందీ నేనే.) వాళ్ళది ఒకటే షరతు. మన బృందం అక్కడికి వెళ్ళి, వాళ్ళ ఊరి కుళాయి తిప్పి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, "ఇవి తాగాం, మా ఊళ్ళోనూ ఇలాంటివే కావాలి" అని సంతకం పెట్టాలి. ఎవరికి సాయం చేసినా ముందు ఒక గ్లాసు నీళ్ళివ్వడం వాళ్ళ ఆనవాయితీ అట. బృందంలో గొట్టాలను సొంత చేతులతో ముట్టుకునేవాడు ఒకడైనా ఉండాలని కూడా రాశారు. అందుకే నాయకుడిగా మా ప్రాంతీయ సంచాలకులు పరాంకుశం గారు, కార్యదర్శిగా నేను, చేతులుగా దాలినాయుడు బయల్దేరాం.

విమానం ఎక్కేముందు దాలినాయుడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"సూపర్నెంటు బాబూ, ఒక గలాసుడు నీరు తాగీసి సంతకం ఎట్టీస్తే సాలా? ఇంకేటీ అక్కర్నేదా?"

"అంతే దాలినాయుడూ. అంతకంటే ఏముంది" అన్నాను.

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటిరోజు పొద్దున్నే హోటల్లో ఫలహారానికి దిగాం. బల్లల మీద యాభై రకాలు పెట్టారు. పరాంకుశం గారు ఉత్తర్వు తెరిచి పక్కన పెట్టుకుని, రొట్టె ముక్కలు నాలుగు తీసి, మరిగించి తెమ్మన్నారు. వంటవాడు ఆయన్ని రెండుసార్లు అడిగి, లోపలికెళ్ళి ఒక గిన్నెలో తెచ్చాడు. గంజిలా ఉంది. మొదటి గడి. కీరా ముక్కల్ని మరిగించారు. కేకు మరిగించారు. ఐస్‌క్రీము మరిగించేసరికి పాయసమంత పల్చగా తయారై, ఆ రోజుకు అదొక్కటే నోట పెట్టుకోదగ్గదిగా మిగిలింది. జున్ను దిమ్మకు పైన గట్టి పొర ఉంటుంది కాబట్టి దాన్ని చెక్కేసి రెండో గడిలో రాశాం. ద్రాక్షపళ్ళ దగ్గర ఆయన చూపిన ఓపిక మరిచిపోలేను. గుత్తిలో నలభై ఒక్క పళ్ళున్నాయి. ఒక్కొక్కటీ గోటితో ఒలిచి, ఒక్కొక్కదానికీ నాచేత విడిగా టిక్కు పెట్టించి, గంటన్నరలో ముగించారు.

అసలు చిక్కు కోడిగుడ్డు దగ్గర వచ్చింది. దాన్ని మరిగించాం, ఆపైన ఒలిచాం. రెండు గడుల్లోనూ టిక్కు పెడితే ఒక గుడ్డుకు రెండు లెక్కలొస్తాయి. పరాంకుశం గారు అక్కడికక్కడే ప్రధాన కార్యాలయానికి సందేశం పంపారు. "గుడ్డు విషయమై స్పష్టత కోరడమైనది." రెండోరోజు జవాబు వచ్చింది. "విషయము పరిశీలనలో యున్నది. అంతవరకు గుడ్డును మూడవ గడిలో చేర్చవలెను." దాంతో మాకున్న ఒక్క ఆధారమూ పోయింది.

దాలినాయుడు ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు గుప్పెడు నోట్లో వేసుకుని మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు. స్వదేశీ అటుకులకు ఫారం అక్కర్లేదు.

నీళ్ళ విషయంలో ఉత్తర్వు ఇంకా కఠినంగా ఉంది. ఉద్యోగి కళ్ళెదుట ఇరవై నిమిషాలు తెర్లిన నీళ్ళే తాగాలి, వాటితోనే పళ్ళు తోముకోవాలి. స్నానానికి మాత్రం మినహాయింపు ఇచ్చి, ఒక ధ్రువపత్రం జోడించారు. "స్నాన సమయమున ఆద్యంతము నోరు మూసికొని యుంటిని." సాక్షి సంతకం కూడా ఉండాలి. పరాంకుశం గారి స్నానానికి నేనే సాక్షిని. తలుపు బయట నిలబడి ఆయన పాట పాడలేదని నిర్ధారించుకుని సంతకం పెట్టేవాణ్ణి. రెండోరోజు ఆయన గదిలో నీళ్ళు ఇరవై నిమిషాలు కాచేసరికి ఆవిరికి గంటలు మోగి, అగ్నిమాపక బండి వచ్చింది. వాళ్ళు మంటేమీ కనబడక, చెమటలు కక్కుతున్న పరాంకుశం గారిని చూసి జాలిపడి ఒక గ్లాసు నీళ్ళిచ్చారు. మూడో గడి.

మూడోరోజు ఆ నగరం మేయరు మమ్మల్ని ఊరు చూపించడానికి తీసుకెళ్ళాడు. దారిలో వాన పట్టుకుంది. వాననీళ్ళు కూడా విదేశీ నీళ్ళే. పరాంకుశం గారు చప్పున నోరు బిగించారు. మేయరు ఆయన్ని మీ ఊరి జనాభా ఎంతని అడిగాడు, మీకెంతమంది పిల్లలని అడిగాడు, మా నగరం నచ్చిందా అని అడిగాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి మేయరు తన టోపీ తీసి గుండెకు ఆనించుకుని కాసేపు తనూ మౌనంగా నిలబడ్డాడు. మన దగ్గర వానను అంత గౌరవిస్తారని అనుకున్నాడు కాబోలు.

నాలుగోరోజు నీళ్ళు తాగే కార్యక్రమం. ఆ ఊరి నీటి శాఖ ఇంజనీరమ్మ పేరు మార్తా. యాభై ఏళ్ళుంటాయి. చేతులకు దాలినాయుడి చేతులకున్నట్టే కాయలున్నాయి. వీధి మధ్యలో ఒక ఇత్తడి కుళాయి తిప్పి, గాజు గ్లాసు నింపి, పరాంకుశం గారి ముందు పెట్టింది. అంత తేటగా ఉన్న నీళ్ళు నేను చూడలేదు. మొదట గ్లాసు ఖాళీగా ఉందనుకున్నాను.

పరాంకుశం గారు గ్లాసు వైపు, ఉత్తర్వు వైపు మార్చి మార్చి చూశారు. నాలుగు రోజులుగా ఆయన గొంతులోకి దిగింది మూడు గ్లాసులకు మించదు. పెదాలు పగిలి ఉన్నాయి.

"దీన్ని మరిగించడానికి అనుమతి ఉంటుందా?" అని అడిగారు.

"మరిగిస్తే అవి మీరు కాచిన నీళ్ళవుతాయి. మా కుళాయి నీళ్ళు కావు" అంది మార్తా. ఆమెకు కోపం రాలేదు, అర్థం కాలేదంతే.

ఆయన ప్రధాన కార్యాలయానికి ఫోను చేశారు. గ్లాసు అలాగే బల్ల మీద ఉంది. మేమంతా ఎండలో నిలబడ్డాం. ముప్పావుగంట తర్వాత జవాబు వచ్చింది. పరాంకుశం గారు దాన్ని పైకి చదివారు.

"నీటిని మరిగింపలేని పక్షమున ఒలువవచ్చును. అందుకుగాను నీటిని గడ్డ కట్టించి, చుట్టునూ పైపొర చెక్కవలెను. అయితే అనుబంధము నాలుగు ప్రకారము మంచుగడ్డ నిషిద్ధము గనుక, చెక్కిన పిమ్మట కరిగింపవలెను. కరిగినది నీరే గనుక దానిని మరిగింపవలెను."

నేను దీన్ని మార్తాకు తర్జుమా చేసి చెప్పాను. నా ఉద్యోగంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే.

"చుట్టూ తిరిగి మొదటి గడికే వచ్చాం సార్" అన్నాను పరాంకుశం గారితో.

"చూడవయ్యా భుజంగరావ్, నిబంధనలో ఎక్కడా లోపం లేదు. లోపం నీళ్ళలో ఉంది. తొక్క లేకుండా వచ్చాయి" అన్నారాయన.

అప్పుడు దాలినాయుడు ముందుకొచ్చాడు. తల గుడ్డ విప్పి చేతులు తుడుచుకుని, గ్లాసెత్తి గటగటా తాగేశాడు. ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టి, ఆ ఇత్తడి కుళాయిని ఒకసారి నిమిరాడు.

"ఏ వోసనా లేదు బాబూ. మా పంపు నీరు నోట్లో ఎట్టుకుంటే గొట్టం ఎక్కడ సిల్లు పడిపోనాదో సెప్పీగల్ను. ఈ నీరుకి ఏటీ లేదు. వొట్టి నీరే."

మార్తాకు మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. ఒప్పంద పత్రం ముందుకు జరిపింది. దాలినాయుడు ఒక్కో అక్షరం నిదానంగా రాస్తూ సంతకం పెట్టాడు. ఆ కింద నాయకుడో కార్యదర్శో తానూ స్వయంగా తాగి సంతకం చేయాలి. నెల రోజుల్లోగా పత్రాన్ని పోస్టులో వేసినా చాలునంది మార్తా.

"భుజంగరావ్, ఇతను తాగింది ఏ గడి?" అన్నారు పరాంకుశం గారు.

"గడి లేదు సార్."

"అయితే తాగలేదు. మూడో గడిలో రాయి."

నేను రాశాను. మార్తా నా వైపు చూసి మరో గ్లాసు నింపింది. నా పదవీ విరమణకు పద్నాలుగు నెలలే ఉన్నాయి. గ్లాసు వైపు చూడకుండా కలం టోపీ బిగించుకున్నాను. దాలినాయుడు తల గుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. నన్నేదైనా అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం నుంచి అతన్ని పరిశీలనలో పెట్టారు. ప్రతి ఆరు గంటలకూ అతని నాలుక చూసి నేను నివేదిక రాయాలి. ఏమీ కాలేదు. "లక్షణములు ఇంకను బయటపడలేదు" అని రాసి పంపేవాణ్ణి.

సాలివలసలో మాకు సన్మానం జరిగింది. ఒక్కరోజు కూడా కడుపునొప్పి లేకుండా విదేశం నుంచి తిరిగొచ్చిన తొలి బృందం మాదే. పరాంకుశం గారు తొమ్మిది కిలోలు తగ్గి, కోటు భుజాల మీంచి జారుతుండగా వేదిక ఎక్కారు. ఎక్కగానే అక్కడ మట్టికుండ మీద బోర్లించిన స్టీలు గ్లాసు కనబడింది. ఉత్తర్వు చివరి వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. వరసగా నాలుగు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, కళ్ళు చెమర్చగా మైకు అందుకున్నారు.

"ఎన్ని దేశాలు తిరిగినా మన నీళ్ళ రుచి రాదు" అన్నారు. ఆ మాట నిజమే. ఆ కుండ నింపింది ఏడో వార్డు కుళాయి దగ్గర.

మూడు వారాలకు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. ఆస్పత్రిలో చేర్చారు. శాఖలో ఆందోళన పుట్టి, విచారణ సంఘం దిగింది. వాళ్ళు నా ఫారాలన్నీ చదివారు. నలభై ఒక్క ద్రాక్షపళ్ళకు విడివిడిగా టిక్కులు ఉండటం చూసి మెచ్చుకున్నారు. పరాంకుశం గారు విదేశంలో నిబంధనకు విరుద్ధంగా ఏదీ ముట్టలేదని తేలింది. స్వదేశంలో తాగిన నీళ్ళ జోలికి వెళ్ళే అధికారం ఆ సంఘానికి లేదు. ఇక మిగిలింది ఒక్కటే. విమానంలో ఆయన పక్క సీటు దాలినాయుడిది.

అతనికిచ్చిన ఆరోపణ పత్రాన్ని నేనే టైపు చేశాను. "విదేశీ జలమును కడుపులో ఉంచుకొని, ఎవరికిని తెలుపక స్వదేశమున ప్రవేశించి, పై అధికారి పక్కన పదకొండు గంటలసేపు కూర్చుండినందులకు నీపై ఏల చర్య తీసికొనరాదు?" అతను తన పెట్టెలో రెండు సీసాల నిండా అదే నీళ్ళు తెచ్చాడని కూడా ఎవరో చెప్పారు. వాటిని స్వాధీనం చేసుకురమ్మని నన్ను పంపించారు. మార్తా ఇచ్చిన గడువులో ఇంకా రెండు రోజులున్నాయి. తొలకరి అప్పటికే పడింది.

ఏడో వార్డులో దాలినాయుడిల్లు కాలవ గట్టు మీదే. అరుగు మీద లోహిత నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. పక్కనే స్టీలు గ్లాసులో ఓ గుక్కెడు నీళ్ళున్నాయి. రెండు సీసాల్లో ఒకటి అప్పటికే ఖాళీ అయింది, రెండోది సగానికి దిగింది.

నేను కాగితం చదివి వినిపించాను. దాలినాయుడు తలాడించాడు.

"పట్టుకెల్లిపోండి బాబూ. ఎలాగా రేపో మాపో అయిపోద్ది. వోనలెల్లేదాకా దీనికి ఈ నీరే పోద్దాం అనుకున్నాను. పిల్లకి సెంచాతో కొలిసి పోస్తన్నాను."

లోహిత సీసాను నా వైపు జరిపింది. తర్వాత లోపలికెళ్ళి శుభ్రమైన గ్లాసొకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎండన పడి వచ్చినారు కదా తాతా. తాగండి" అంది.

ఆ పిల్లకున్నవే అరసీసా నీళ్ళు. వాటిలోంచి నాకు పోసింది. సంచీలోంచి ఫారం-9 తీశాను. మూడు గడుల్లో ఒక్కటీ సరిపోలేదు. మరిగించలేదు, ఒలవలేదు, విడవడం ఈసారి నా వల్ల కాలేదు. స్కేలు లేదు కాబట్టి లోహిత నోటుబుక్కు అంచు ఆనించుకుని నాలుగో గడి గీశాను. దాని పైన "తాగితిని" అని రాసి, నీళ్ళు తాగి, టిక్కు పెట్టాను. ఒప్పంద పత్రం కూడా నా సంచీలోనే ఉంది. దాలినాయుడి సంతకం కింద నా సంతకం పెట్టి, సీసాను అరుగు మీదే వదిలి, అటునుంచటే పోస్టాఫీసుకు వెళ్ళి, ఆ రోజే మార్తాకు పంపాను.

దాలినాయుడి మీది ఆరోపణ గుడ్డు లాగే పరిశీలనలో ఉండిపోయింది. ఫారంలో అనధికారిక గడి గీసినందుకు నాకు మూడు మెమోలు వచ్చాయి. అవి వస్తూండగానే గొట్టాలు కూడా వచ్చాయి. మార్తా స్వయంగా వచ్చి, దాలినాయుడితో కలిసి గోతిలో దిగి, మొదట ఏడో వార్డులో పని పూర్తి చేసింది. అంతలో మా ప్రధాన కార్యాలయం నుంచి స్పష్టత అందింది. "విదేశీ గొట్టముల ద్వారా వచ్చు నీరు విదేశీ నీరుగా భావింపబడును." ఉద్యోగులెవరూ ఆ నీళ్ళు పచ్చిగా తాగకూడదు. కాబట్టి ఊరంతా కొత్త గొట్టాలు వేసి, ఆఫీసర్ల కాలనీకి మాత్రం ప్రత్యేక ఉత్తర్వు ద్వారా పాత గొట్టాన్నే ఉంచారు. టిన్నుల కంపెనీ కూడా కాలనీ పంపు దగ్గరే నింపుకోవాలని అందులోనే చేర్చారు.

మరుసటి వానాకాలం ఏడో వార్డులో ఒక్కరికీ కామెర్లు రాలేదు. లోహిత ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఆఫీసర్ల కాలనీలో పదకొండు మందికి వచ్చాయి. కారణాలు తెలుసుకోవడానికి ఒక సంఘం వేశారు. ఆ పదకొండు మందిలో నలుగురు దాని సభ్యులే.

నేను రోజూ పొద్దున్నే ఆరింటికి బిందె పట్టుకుని ఏడో వార్డు వీధి కుళాయికి వెళ్తాను. మొన్న వెళ్ళేసరికి వరసలో నాకంటే ముందు ఎవరో మనిషి తలకు తువ్వాలు ముసుగేసుకుని, కొత్త ఇత్తడి బిందెతో నిలబడి ఉన్నాడు. భుజాలు చూసి గుర్తుపట్టాను. పరాంకుశం గారు. ఆయన నన్ను చూసి తువ్వాలు ఇంకాస్త ముందుకు లాక్కున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"భుజంగరావ్, ఆ ఫారం ఉందా నీ దగ్గర? నాలుగు గడులున్నది."

జేబులోంచి తీసిచ్చాను. ఆయన బిందె కింద పెట్టి, కలం కోసం తడుముకుంటూ నాలుగడుగులు పక్కకు జరిగారు. అంతలో కుళాయి దగ్గర రెంచీతో ఉన్న దాలినాయుడు తలెత్తి చూశాడు.

"బాబూ, వరస తప్పకండి. ఎనకాల జనం ఉన్నారు."

పరాంకుశం గారు గబగబా వచ్చి తన చోట్లో నిలబడ్డారు.